హల్క్ కోపం, ఇంట్లో పంచాయితీ

ఆవిడ: ఏవండీ, కోపమొస్తే డాక్టర్ బ్యానర్ కాస్తా పచ్చటి హల్క్ అయిపోతాడుగా, ఈ పచ్చాయన కోపం ఆయన చేతిలో ఉన్నట్టా, లేనట్టా? ఏదో ఒక మాట మీద ఉండమనండి.

ఆయన: ఎందుకు లేదూ? 2012 అవెంజర్స్ సినిమాలో, న్యూయార్క్ వీధిలో, నేనెప్పుడూ కోపంగానే ఉంటానని కెప్టెన్ అమెరికాకి చెప్పి మరీ మారాడుగా!

ఆవిడ: మరి అంతకుముందు ఆ ఎగిరే ఓడలో, పాపం జట్టులోని నటాషా బతిమాలుతున్నా వినకుండా కనిపించిందల్లా పగలగొట్టుకుంటూ ఆ పిల్ల వెంటపడ్డాడే, అప్పుడేమైంది ఆ అదుపు?

ఆయన: అబ్బా, అక్కడ పేలుడికి కిందపడి దెబ్బ తగిలింది. న్యూయార్క్‌లో బ్యానరే హల్క్‌ని పిలిచాడు. పిలిస్తే వచ్చిన హల్క్ మాట వింటాడు, పిలవకుండా వచ్చినవాడు వినడు.

ఆవిడ: మీ పెద్దబావలాగా.

ఆయన: మధ్యలో మా బావెందుకే!

ఆవిడ: సరే, 2015 సినిమాలో జొహానెస్‌బర్గ్ వీధుల్లో పగలగొట్టిందో?

ఆయన: అది వాండా అనే ఆవిడ ఆయన మనసు మీద వేసిన మంత్రం. ఆయన తప్పేం లేదు.

ఆవిడ: ఆయన తప్పు ఎప్పుడుందిలెండి! ఐరన్ మ్యాన్ కొత్త కవచం తొడుక్కొచ్చి, కొట్టుకుంటూనే మధ్యలో ఆ బిల్డింగ్ కొనేద్దామని బేరం పెట్టాల్సొచ్చింది. అంతటివాడు 2018లో విలన్ థానోస్ చేతిలో నాలుగు తగిలేసరికి, బ్యానర్ ఎంత రమ్మన్నా రానని మొహం తిప్పుకున్నాడు. అంటే అవతలివాణ్ణి బట్టే కోపం. అచ్చం మీ టైపు.

ఆయన: నేనేం చేశాను?

ఆవిడ: మేనేజర్ ఫోన్ చేస్తే డాక్టర్ బ్యానర్, చట్నీలో ఉప్పు తగ్గితే హల్క్. మొన్న అంత ఊగిపోతూ కూడా పక్కనున్న గాజు గ్లాసు ముట్టుకోకుండా, చెయ్యి చాచి స్టీలుదే అందుకుని విసిరారు.

ఆయన: ...గాజుది సెట్‌లోది కదా.

ఆవిడ: అదే నేననేది!

ఆయన: అయినా 2019 నాటికి గామా ల్యాబ్‌లో 18 నెలలు కూర్చుని బ్యానర్, హల్క్ ఇద్దరూ ఒక్కటైపోయారు, గొడవ తీరిపోయింది.

ఆవిడ: జెన్నిఫర్‌కి అన్ని నెలలు పట్టలేదే? ఆయన మేనత్త కూతురు, మన లెక్కలో మరదలు. 2022 షీ-హల్క్ సిరీస్‌లో తనూ అలాగే పచ్చగా మారి, వచ్చీరాగానే అదుపు చేసేసింది. రోడ్డు మీద వెధవలు కూసినా, తన పని గురించి తనకే ఎవడో వచ్చి పాఠం చెప్పినా, కోపం మింగడం రోజూ అలవాటేనంది.

ఆయన: అది నీకు సరిగ్గా అర్థం కాలేదు. అసలు జెన్నిఫర్ ఏమంటుందంటే, నేను చెప్తా విను...

ఆవిడ: చెప్పండి, వింటున్నా. నా రంగేమైనా మారుతోందేమో కూడా చూస్తూ ఉండండి.