బంతి మధ్యలో లేచిపోయిన ఆవిరి గారికి

మహారాజశ్రీ ఆవిరి గారి దివ్య సముఖానికి, కెనడాలోని అథబాస్కా తారు ఇసుకల మీద మైనస్ 35లో నిలబడి నమస్కరించి రాస్తున్నది. ఉభయకుశలోపరి అందామనుకున్నాను గానీ, ఇక్కడ వెచ్చగా ఉన్నది తమరొక్కరే.

నిన్న 14 రోజుల షిఫ్టు అయిపోయింది. కాల్గరీలో మా పాపకి భోగిపళ్లు పోసే వేళకి ఇంట్లో ఉంటానని మాటిచ్చి, బ్యాగు సర్దుకుని బస్సు కోసం చూస్తున్నాను. సరిగ్గా అప్పుడే, భూమి లోపల ఒకదాని కింద ఒకటి అడ్డంగా పడుకున్న మా రెండు నూనె బావుల్లో, కింది బావిలో టెంపరేచర్ లేచింది. తమరు పై బావిలోంచి బయల్దేరి నెమ్మదిగా పైకి పాకాలి, ఇసుకకి అంటుకున్న చిక్కటి నూనె, అదే బిటుమెన్, కరగాలి, కరిగింది కారుతూ 5 మీటర్ల కిందున్న బావిలోకి దిగాలి. ఇదీ ఒప్పందం. తమరేమో అడ్డదారిన తిన్నగా కింది బావిలోకే దూకారు. పంపు ట్రిప్పయింది. అది మళ్లీ ఎక్కి, వేగం తగ్గించి, కింద చల్లబడే దాకా స్క్రీన్ ముందు కూర్చునేసరికి బస్సూ పోయింది, ఫ్లైటూ పోయింది. భోగిపళ్లు వీడియో కాల్లో చూశాను. రేగుపళ్లు దొరక్క వాడిన క్రాన్‌బెర్రీ ఒకటి పాప నెత్తి మీద గాల్లోనే ఆగిపోయింది. సిగ్నల్.

కొత్త అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలుండవండీ. బ్యారెల్ నూనెకి రెండు మూడు బ్యారెళ్ల నీళ్లు, అవీ శుద్ధి చేసి, గ్యాసు తగలేసి మరిగించినవి. పైపులకి దుప్పట్లు. తమర్ని మూడు నెలలు రెండు బావుల్లోనూ తిప్పి ఇసుకని ముందే వేడెక్కించాం. ఇంత చేస్తే తమరి వడ్డన ఎలా ఉంది? బావి పొడవునా 800 మీటర్ల బంతి వేస్తే మొదట్లో కూర్చున్న నూనెకే మారు వడ్డన, మళ్లీ మారు వడ్డన, చివరి ఆకుల వాళ్లకి చారు చుక్క లేదు. అక్కడి బిటుమెన్ ఇంకా చలికాలపు నెయ్యిలా గడ్డకట్టి, ఖాళీ ఆకు ముందు కూర్చునే ఉంది. నిన్నటి తప్పు కాదిది, ఈ బావిలో మొదట్నుంచీ ఇదే తంతు. సులువైన దారి కనిపిస్తే చాలు, అటే పరుగు! సిగ్గు లేదా నీకు? నిన్ను మరిగించడానికి కాల్చిన గ్యాసుతో ఈ క్యాంపంతా వెచ్చబెట్టుకునేవాళ్లం కదా, నా వేళ్లు చూడు, గ్లవ్స్‌లో కూడా తిమ్మిరెక్కి పెన్ను పట్టుకోనివ్వట్లేదు.

(గంటకో మీటింగు పెట్టి "ఎందుకిలా జరిగింది" అని నన్నడిగే పెద్దలకి విడిగా రాస్తాను.)

పొద్దున శాంపిల్ పట్టాను. వాల్వ్ దగ్గర పొగలు కక్కుతూ నల్లగా జలజలా దిగింది. ల్యాబ్ ట్రెయిలర్ దాకా నడిచి, సీసా తలకిందులు చేస్తే అడుగునున్న నలుపు ఇంచు కూడా కదల్లేదు. నువ్వు లేకపోతే ఇది ఇంతే, ఇసుకని పట్టుకుని అలాగే పడుంటుంది, ఒప్పుకుంటున్నాను.

రేపటి ఫ్లైటు సాయంత్రం. ఇవాళ వాల్వ్ కాస్త బిగించాను. ఈసారైనా చివరి ఆకు దాకా వెళ్లు నాయనా, కనుమకైనా ఇంటికి చేరతాను.