వీపున జిప్పున్న ఎలుగుబంటి గారికి

మహారాజశ్రీ ఎలుగుబంటి వేషం గారికి, ఉదయగిరి నుంచి మీ ప్రేక్షకుడు రాయునది. ఉభయకుశలోపరి. మీకు కుశలమెక్కడిదిలెండి, మొన్న ఆదివారం మీ సినిమాకి నేను కొట్టిన ఒక్క స్టారు చూసే ఉంటారు. ఈ ఉత్తరం దాని గురించే.

ఆ రోజు నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, సీతారామపురం నుంచి వచ్చిన మా మామయ్య టీవీ ముందు కూర్చున్నాం. మధ్యలో నెల్లూరు మలై కాజాల డబ్బా. తెలుగు మాటలద్దిన అమెరికా సినిమా. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ఓ కుక్క. అడవిలో దారి తప్పుతారు, గంటన్నరలో కొండలన్నీ దాటి ఇల్లు చేరతారు. మా ఉదయగిరి కోట పట్టడానికి శ్రీకృష్ణదేవరాయలంతటివాడికే ఏడాదిన్నర పట్టింది, 1514లో గానీ చేజిక్కలేదు. పాపం, ఆయన దగ్గర ఆ కుక్క లేదు.

పావుగంటకే తీర్పులు మొదలైనాయి. మూడు రోజులు తిరిగినా ఆ తల్లి జడ చెదరలేదని మా ఆవిడ. ఒక్క దోమా కుట్టలేదని పెద్దాడు. చిన్నదానికి ఒకటే బెంగ: "నాయనా, కుక్క చచ్చిపోద్దా?" ఇంటిల్లిపాదీ చూడదగ్గ సినిమాకి అసలు కొలబద్ద అదేనండీ. మనుషులు ఏ లోయలో పడ్డా కాజా నములుతూ చూస్తాం, కుక్క కుంటితే మాత్రం డైరెక్టర్ని తిడతాం.

ఇక ఎలుగు. మొదట వాగు దగ్గర ఒకటొచ్చింది. కుళ్లిన మానొకటి దొర్లించింది, కిందేదో నాకింది, చెట్టుకి వీపు రుద్దుకుంది, పోయింది. "మనిషికి బొచ్చు తొడిగారు, నటన కూడా రాదు వీడికి," అన్నాను. తర్వాత మీరొచ్చారు. రెండు చేతులూ పైకెత్తి, టీవీ అదిరేలా గాండ్రించారు. చిన్నది నా ఒళ్లోకి దూకింది. "ఎలుగంటే ఇదీ!" అన్నాను.

"వీపు మీద ఆ జిప్పేందబ్బయా?" అన్నాడు మామయ్య. "గోళ్లు చూడు, నేలకి తగిలి మడతపడినాయి."

అప్పటికే నేను ఫోను తీసి, 'వాగు దగ్గర ఎలుగు నమ్మేలా లేదు' అని రాసి స్టారు కొట్టేశాను. ఆఖర్న పేర్లు పడ్డాయి. వాగు దగ్గరి ఎలుగుకి పేరుంది, దానికి తర్ఫీదిచ్చినాయన పేరూ ఉంది. మీ లోపలి మనిషి పేరు ఎక్కడో అడుగున, స్టంట్ల వాళ్ల మధ్య.

నా తప్పేముంది చెప్పండి? మన దేశంలో ఎలుగుల్నీ పులుల్నీ ఆడించడం 1998లోనే నిషేధించారు. ఇప్పుడు మా సినిమాల్లో కనిపించేది ఎక్కువగా కంప్యూటర్లో పుట్టిన మృగాలే. అవి వచ్చీరాగానే గర్జిస్తాయి. సూళ్లూరుపేటలో వందడుగుల తెర మీద వాటిని చూసొచ్చిన కళ్లకి నిజం ఎలుగు ఆనుతుందా?

మామయ్య లెక్క వేరు. వాళ్ల కొండల్లో ఎలుగు నల్లగా, గుండె మీద తెల్ల గుర్తుతో ఉంటుంది. పైవరసలో ముందు రెండు పళ్లుండవు. ఆ సందులోంచే పుట్టలో చెదల్ని జుర్రుతుంది, ఆ చప్పుడు దూరానికి కూడా వినబడుతుంది. "చేతులూపి అరిచి రాదురా అది. మలుపులో ఎదురుపడితే బెదిరి మీద పడుద్ది. లేకపోతే దాని పుట్ట దానిది, మన దారి మనది. ఆ వాగుకాడ చేసిందే ఎలుగు చేసే పని."

మీ వంశచరిత్ర కూడా కాస్త తెలుసు లెండి. 1970లలో మీ అమెరికాలో ఇలాంటి అడవి సినిమాలు కొద్ది ఖర్చులో తీసి, నిర్మాతలే ఊరూరా హాళ్లు అద్దెకు పట్టి, టీవీలో ప్రకటనలు గుప్పించి, టికెట్టు డబ్బు మూటగట్టుకుని మరో ఊరికి పోయేవాళ్లు. అచ్చం మా తిరునాళ్లలో రంగులరాట్నం వాళ్ల పద్ధతి. ఊళ్లో మాట పుట్టేలోపు డేరా ఎత్తేశారన్నమాట. ఇప్పుడేమో పేర్లు పడేలోపే నాలాంటివాడు బొటనవేలితో తీర్పిచ్చేస్తాడు.

సిగ్గేసి స్టార్లు మారుద్దామని ఎన్నివ్వాలో మామయ్యనే అడిగాను.

"మూడెయ్. కుక్కకొకటి, వాగుకాడ ఎలుగుకొకటి, ఆ బొచ్చులో ఉడికి చచ్చిన మనిషికొకటి."

వేశానండీ. జిప్పు మాత్రం ఈసారి పొట్ట వైపు కుట్టించుకోండి, చేతులు పైకెత్తినప్పుడు మరీ కనబడుతోంది.

ఇట్లు,
మిమ్మల్ని చూసి ఒళ్లోకి దూకిన పిల్ల తండ్రి