మోటారు గదిలో బుస

అమలాపురం శివార్లలో మేమున్న అద్దె ఇంటి పెరట్లో ఒక మోటారు గది ఉంది. అందులో మోటారు తప్ప అన్నీ ఉంటాయి: కొబ్బరి డొక్కలు, కాలు విరిగిన మడతకుర్చీ, ఓనరుగారి తాతగారు పడుకున్న పట్టెమంచం. ధనుర్మాసం మంచులో బాయిలర్‌లోకి డొక్కలు తేవడానికి వెళ్లిన మా ఆవిడ ఖాళీ గంపతో తిరిగొచ్చింది.

"ఏమండీ, లోపల పాము బుస కొడుతోంది. ఆ దర్జా చూస్తే నాగుపామే."

కాసేపటికి కాలనీ అంతా మా పెరట్లోనే ఉంది. ఒకాయన కొబ్బరికాయలు దింపే గెడ తెచ్చాడు. దానితో పామును కొట్టాలంటే పక్క వీధిలో నిలబడాలి. ఎదురింటి పిన్నిగారు గ్లాసుతో పాలు తెచ్చారు. మేడ మీది ఓనరుగారు మంకీ క్యాపు పెట్టుకుని మెట్ల మీదే నిలబడి, కింద ఎవరు ఎక్కడ నిలబడాలో ఆజ్ఞలు ఇచ్చారు.

పాములు పట్టే కుర్రాడు ఇనుప కొక్కెం, ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని వచ్చాడు. తలుపు సందులోంచి టార్చి వేసి చూశాడు. కొక్కెం కింద పెట్టేశాడు.

"ఇది నా శాఖ కాదండీ. దీనికి రెక్కలున్నాయి."

దూలం మీద తమలపాకు ఆకారంలో తెల్లటి ముఖం. తల వంచి అటూ ఇటూ ఊగుతూ మళ్లీ బుస కొట్టింది. ఈ తెల్ల గుడ్లగూబకు గూబ కూత రాదట, కీచుమనడం, బుస కొట్టడమే దాని విద్య. ఇంటర్ చదివే కుర్రాడొకడు ఫోనులో వీడియో తీస్తూ ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాడు. దాని ఒళ్లు కదల్లేదు, ముఖం మాత్రం వాడి వెంటే తిరిగింది.

"కనుగుడ్లు కదలవండీ, అందుకే మెడ తిప్పుతుంది. 270 డిగ్రీలు!" అన్నాడు వాడు. గదికి వెనకవైపు ధీమాగా నిలబడ్డవాళ్లు కూడా రెండడుగులు వెనక్కి వేశారు.

"చావుపిట్ట!" అన్నారు పిన్నిగారు, పాలు తనే తాగేసి. అంతలో ఆవిడ చూపు మంచం మీద పడింది. బొటనవేలంత నల్లటి ఉండలు, వాటిలోంచి వెంట్రుకలు. "చేతబడి! నేను అప్పుడే అనుకున్నాను!"

పాములు పట్టే కుర్రాడు ఒక ఉండను పుల్లతో విప్పాడు. బూడిదరంగు బొచ్చు, సన్నటి ఎముకలు, పచ్చటి పళ్లతో చిన్న పుర్రె. "ఎలుకను గుటుక్కున మింగి, అరగనిదంతా ఇలా ఉండ కట్టి కక్కేస్తుందండీ. సార్వా కోతలయ్యాక ఎలుకలు ఇళ్ల మీద పడ్డాయి, వాటి వెనకే ఇదీ వచ్చింది." పిన్నిగారు నమ్మలేదు. ఎలుకలకు చేతబడి చేయించాల్సిన అవసరం ఎవరికుందో ఆలోచిస్తూ పక్కింటివైపు చూశారు.

"పట్టుకుని ఎక్కడైనా వదిలేయవయ్యా" అన్నారు ఓనరుగారు మెట్ల మీద నుంచే.

"1972 నాటి వన్యప్రాణి చట్టం ఉందండీ. దాన్ని నేను పట్టుకుంటే నన్ను వాళ్లు పట్టుకుంటారు" అని చెప్పి, పెట్రోలు డబ్బులు నా దగ్గర తీసుకుని కుర్రాడు వెళ్లిపోయాడు.

అప్పుడు ఓనరుగారికి శాస్త్రం గుర్తొచ్చింది. గుడ్లగూబ దూరితే ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలట. ఎవరు ఖాళీ చేయాలని అడిగాను, మోటారు గది ఆయనదే కదా అని. "కాపురం ఉంటున్నవాళ్లే" అన్నారు ఆయన తడుముకోకుండా.

మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచే అందుకుంది. "అలాగే బాబాయిగారూ, శాస్త్రం కాదనడానికి మేమెవరం? ఆ ఆరు నెలలూ అద్దె ఎలాగూ ఉండదు. అడ్వాన్సు మాత్రం ఇవాళే ఇప్పించండి."

ఓనరుగారు మంకీ క్యాపు తీసి, దులిపి, మళ్లీ పెట్టుకున్నారు. "తొందరెందుకమ్మా? బెంగాలులో లక్ష్మీదేవి వాహనం సాక్షాత్తూ ఈ తెల్ల గుడ్లగూబే. వెతుక్కుంటూ వచ్చిన లక్ష్మిని కాదని పోతారా ఎవరైనా?"

ఆ రోజు నుంచి మోటారు గది గుడి అయింది. శుక్రవారం గుమ్మంలో ఆయన దీపం పెడతారు. డొక్కలు లోపలే ఉన్నాయి, తలుపు తీయకూడదు. పుష్యమాసపు చలిలో మేము చన్నీళ్లు పోసుకుంటున్నాం. లోపలి వాహనం మాత్రం పగలంతా నిద్రపోయి, చీకటి పడగానే చప్పుడు లేకుండా వేటకు వెళ్తోంది.

సంక్రాంతి ముందు ఓనరుగారు అరిసెలు పట్టుకుని దిగారు. "లక్ష్మి అడుగుపెట్టిన ఇల్లమ్మా ఇది. వచ్చే నెల నుంచి అద్దె ఒక వెయ్యి పెంచుదామనుకుంటున్నాను."

మా ఆవిడ అరిసెల గిన్నె అందుకుంది. "మోటారు గదిలో ఉంటున్న వాళ్ల వాటా కూడా మేమే కట్టాలా బాబాయిగారూ?"