పాత గిటార్‌కు కొత్త కోటు: యజమానులకు సవినయ మార్గదర్శకాలు

డెబ్బై ఎనభై ఏళ్ల కిందట ఎవరో చేత్తో చేసిన క్లాసికల్ గిటార్ చేతికొస్తే, దాన్ని నిన్ననే షోరూములోంచి తెచ్చినట్టు తయారు చేయడం యజమాని కనీస ధర్మం. ఈ ధర్మం పాటించడానికి కొందరు ఇంకా తటపటాయిస్తున్నారు. వారి సౌకర్యార్థం, ఎన్నో గిటార్ల మీద ఇప్పటికే దిగ్విజయంగా ప్రయోగించిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాం.

ముందుగా టార్చి వేసి, సౌండ్‌హోల్ అనే గుండ్రటి రంధ్రంలోంచి లోపలి లేబుల్ చదవాలి. గిటార్ విలువంతా ఆ కాగితంలోనే ఉంది. తర్వాత బోర్లా తిప్పి వెనకపలక రోజ్‌వుడ్డా కాదా అని చూడాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే మరీ మంచిది. 1992 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధం ఉంది కాబట్టి, సరిహద్దు దాటించేటప్పుడు పత్రాల కోసం తిరిగే భాగ్యం కూడా దక్కుతుంది. స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ అనే పనివాడు 1862లో వెనకపలక చూసి విలువకట్టే ఈ ఆచారాన్ని ఘోరంగా అవమానించాడు. వెనకపలక, పక్కలు అట్టతో చేసి, పైపలక మాత్రం మంచి స్ప్రూస్ చెక్కతో పెట్టి గిటార్ కట్టాడు. స్వరానికి ప్రాణం పైపలకేనని చూపించాలని ఆయన పట్టుదల. ఆ గిటార్ ఇప్పుడు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. అలాంటిది మన కొనుగోలుదారుకు చూపించండి, లేబుల్ చదివేదాకా ముట్టుకుంటే ఒట్టు.

ఇక పాలిష్. పాతవాళ్ల అవస్థ తలుచుకుంటే జాలేస్తుంది. లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి, దూది ఉండను గుడ్డలో చుట్టి, ఒక చుక్క నూనె తగిలించి, సున్నాలు చుడుతూ, ఎనిమిది అంకె వేస్తూ వందలసార్లు రుద్దేవారు. చెయ్యి ఒక్క క్షణం ఆగిందా, కింది పూత కరిగి గుడ్డకు అంటుకుని లేచొస్తుంది. వారాల తరబడి ఇంత చేస్తే మిగిలేది ఉల్లిపొర లాంటి పూత. చెమటకు మసకబారుతుంది, సెంటు చుక్క పడితే కరుగుతుంది. పలక బరువెక్కకుండా కంపించాలని అంత పలచన అట! మనకెందుకు ఆ తంటా? ఎమరీ పేపరు తెచ్చి తోమేయండి. పైపలక మందం 2 నుంచి 2.5 మి.మీ. 2.2 ఉన్నచోట 2.0 అయితే పోయింది రెండు మూడు వెంట్రుకల మందమే అనిపిస్తుంది. కానీ పలక బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది; అంటే నాలుగో వంతు బలాన్ని ఆ పొడితో పాటు ఊడ్చి పారేసినట్టు. కొన్నాళ్లకు బ్రిడ్జి (తీగలు కట్టే చెక్క దిమ్మ) ముందు పలక కుంగుతుంది, వెనక ఉబ్బుతుంది. దాని మీద పాలియురేతేన్ అనే ప్లాస్టిక్ వార్నిష్ దట్టంగా కొట్టారంటే అద్దమే. వాయిస్తే దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తుంది, నిజమే. ఫొటోలో స్వరం పడదు కదా.

స్వరం తగ్గిందని బాధపడేవాళ్లు ఉక్కు తీగలు వేసుకోవచ్చు. నైలాన్ తీగలు ఆరూ కలిసి లాగేది సుమారు 40 కిలోలు, ఉక్కువి సుమారు 70. పైపలక కింద విసనకర్ర ఈనెల్లా పరిచిన సన్నటి పుల్లలు ఆ 40కే లెక్క చూసి చిత్రిక పట్టినవి. బ్రిడ్జి వెనక అంచున కాగితం దూరేంత సందు కనిపిస్తే పని మొదలైందన్నమాట. ఇక్కడొక చిక్కు ఉంది. పాత పనివాళ్లు పశువుల చర్మం ఉడికించి తీసిన జిగురు వాడారు. వేడి, తడి తగిలితే అది వదులుతుంది. శుభ్రం చేసి మళ్లీ అతికించుకోవచ్చు. ఈ వెసులుబాటును శాశ్వతంగా మూసేయాలంటే ఎపాక్సీ జిగురే శరణ్యం. ఈసారి ఊడితే పలక నారతో సహా ఊడుతుంది. అప్పటికీ నమ్మకం కుదరకపోతే రెండు స్క్రూలు దించండి. ఉన్న నాలుక ఊడినా, కొండనాలుకకు మందు వేసిన మాట వాస్తవమే కదా.

తీగలు ఎత్తుగా ఉన్నాయా? పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా దిగేసిన లోహపు కడ్డీ) దగ్గర సన్న తీగకు 3, లావు తీగకు 4 మి.మీ. ఉంటే చాలు. మెడ విప్పి కోణం సరిచేద్దామంటే, స్పానిష్ పద్ధతిలో పక్కలను మెడ మొదట్లోనే గాడి కోసి దూర్చేస్తారు, విప్పడానికి కీలు లేదు. కాబట్టి బ్రిడ్జి మీద తీగలు ఆనే ఎముక పట్టీని, అంటే శాడిల్‌ను, అరగదీయండి. ఎముక అయిపోయాక బ్రిడ్జి ఉండనే ఉంది.

అన్నీ అయ్యాక ఏసీ గాలి సూటిగా తగిలే గోడకు వేలాడదీయాలి. గిటార్‌కు సరిపడే తేమ 45 నుంచి 55 శాతం. 40 కిందకు దిగితే చెక్క అడ్డంగా కుంచించుకుంటుంది, పొడవునా దాదాపు కదలదు. పైపలక కింద అడ్డంగా అతికించిన పట్టీలు దాన్ని కుంచించుకోనివ్వవు. ఆ లాగులాటలో పలకే నార వెంబడి చీలుతుంది. అంతకుముందే ఒక కబురు అందుతుంది: మెడ అంచున బొటనవేలు జారిస్తే ఫ్రెట్ల కొసలు రంపంలా గీసుకుంటాయి. చెక్క ముడుచుకుంది, లోహం ముడుచుకోలేదు. తేమ పెట్టాలేమోనన్న దురాలోచన దరిచేరనివ్వకుండా ఆకురాయితో ఆ కొసలు రాసేయండి.

లేబుల్ జోలికి మాత్రం వెళ్లొద్దు. దాని మూల కూడా చెదరకూడదు. రేపు కొనడానికొచ్చే ఆయన కూడా టార్చి తెచ్చుకుంటాడు.