కట్ట మీద నడిచే మనిషి ఏడీ?

వానాకాలం వస్తే రిజర్వాయర్ లెవెల్ ఎంత, ఎన్ని టీఎంసీలు చేరాయి అని రోజూ పేపర్లో వేస్తాం, మేమూ వేస్తాం, కానీ కట్ట నుంచి ఊట ఎంత వస్తోందో ఎప్పుడైనా వేశామా అంటే లేదు.

ప్రపంచంలో పెద్ద డ్యాముల్లో ఎక్కువ భాగం మట్టివే. మధ్యలో బంకమట్టి, బయట గరుసు, నీళ్ల వైపు రాతి పేర్పు. ఊట ఉండని మట్టికట్ట ఉండదు, అది తేటగా, ఎప్పుడూ వచ్చినంతే వస్తుంటే కొలిచి రాసుకుంటే సరిపోతుంది. బురదగా వచ్చిందా, లోపల మట్టి కొట్టుకుపోతోందన్నట్టే, ఇక గంటల్లోనే ఏదైనా జరగొచ్చు. అమెరికాలో టీటన్ డ్యామ్ అలాగే పోయింది, 1976 జూన్ 5న పొద్దున బురద ఊట కనిపించింది, బొక్క పూడ్చడానికి పంపిన బుల్డోజర్లు కూడా అందులోకే జారిపోయాయి, మధ్యాహ్నం 12 కొట్టేలోపు కట్ట తెగింది, 11 మంది చనిపోయారు. అది పాతబడిన డ్యామ్ కూడా కాదు, మొదటిసారి నింపుతున్నారు అంతే!

రెండో భయం పైనుంచి. కాంక్రీట్ డ్యామ్ అయితే నీళ్లు కాసేపు పొర్లినా తట్టుకోవచ్చేమో గానీ మట్టికట్ట తట్టుకోదు, 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట ఎలా కొట్టుకుపోయిందో అందరం చూశాం. అందుకే గేట్లు వానలకి ముందే ఎత్తి దించి చూడాలి, కరెంట్ పోతే జనరేటర్ నడుస్తుందో లేదో కూడా.

అదే ఏడాది వచ్చిన డ్యామ్ సేఫ్టీ చట్టం వానలకి ముందోసారి, తర్వాతోసారి తనిఖీ చేయాలంటోంది. మంచిదే, కానీ ఊట తనిఖీ తేదీ చూసుకుని బురదగా మారదు కదా. రోజూ కట్ట మొదట్లో నడిచి ఎలుక బొక్కలు, పగుళ్లు, తడి మచ్చలు చూసే లస్కర్ కావాలి, అతనికి కనపడాలంటే కంప కొట్టించాలి, అతను ఫోన్ చేస్తే రాత్రయినా ఎత్తే ఇంజనీర్ ఉండాలి. కొత్త డ్యామ్‌కి శంకుస్థాపన అంటే డబ్బులు ఎక్కడినుంచో వస్తాయి, కంప కొట్టించే బిల్లుకి మాత్రం ఫైల్ కదలదు, ఇదేం లెక్కో మాకు అర్థం కాదు.

ప్రతి రిజర్వాయర్ ఊట రీడింగు కూడా అధికారులు రోజూ బయటపెట్టాలి. ఇస్తే లెవెల్ పక్కనే వేస్తాం.