కారుకు కాదు, నడిపే మనిషికి బీమా చేయించండి

అరవై దాటినవారి కారు బీమా మీద మన దగ్గర చర్చ అంతా ప్రీమియం ఎలా తగ్గించాలన్న చోటే తిరుగుతోంది. విడిభాగాల అరుగుదల పేరిట కోత లేకుండా చెల్లించే జీరో డిప్రిసియేషన్ కవర్ తీసుకోవాలా? క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పోకుండా చిన్న చొట్టలను సొంత డబ్బుతో సరిచేయించుకోవాలా? ఇంజిన్ రక్షణ అదనంగా కావాలా? ఇవన్నీ రేకుకూ బంపరుకూ సంబంధించిన ప్రశ్నలు. డెబ్బై ఏళ్ల డ్రైవరుకు అసలు ముప్పు పక్కటెముకలకు.

మూడు పదుల వయసువాడు కమిలిన భుజంతో బయటపడే ప్రమాదంలోనే డెబ్బై అయిదేళ్ల మనిషి నెలల తరబడి మంచం పడతాడు. వృద్ధ డ్రైవర్ల మరణాల రేటు ఎక్కువగా కనిపించడానికి ప్రధాన కారణం వాళ్లు ఎక్కువ ప్రమాదాలు చేయడం కాదనీ, దెబ్బను తట్టుకునే శక్తి శరీరానికి తగ్గడమేననీ రోడ్డు భద్రత పరిశోధకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. పాలసీ ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క విషయం గుర్తుంటే ప్రాధాన్యాల వరుస తలకిందులవుతుంది.

వ్యక్తిగత ప్రమాద బీమానే చూడండి. యజమానే కారు నడుపుతుంటే 15 లక్షల రూపాయల కవర్ ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018లో నిర్దేశించింది. ఆ అంకె చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. కానీ ఆ డబ్బు వచ్చేది మరణానికో, శాశ్వత వైకల్యానికో మాత్రమే. తుంటి విరిగి శస్త్రచికిత్స జరిగి, ఆరు వారాలు నడవలేకపోతే ఒక్క రూపాయీ రాదు. వృద్ధులకు ఎక్కువగా ఎదురయ్యేది సరిగ్గా ఆ పరిస్థితే. పక్క సీట్లో కూర్చున్న భార్యకో భర్తకో ఈ కవర్ వర్తించదు. వారికోసం ప్రయాణికుల కవర్ అదనంగా కొనుక్కోవాలి.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఈ కవర్ ఆర్సీలో పేరున్న యజమానికే చెల్లుతుంది. కొడుకు వేరే నగరంలోనో విదేశంలోనో ఉంటాడు, కారు అతని పేరు మీద ఉంటుంది, ఇక్కడ రోజూ నడిపేది తండ్రి. ఎన్ని ఇళ్లలో ఇదే ఏర్పాటు! ప్రమాదం జరిగితే ఆ తండ్రి 'యజమాని-డ్రైవరు' నిర్వచనంలోకే రాడు. ఏటా ప్రీమియం కడుతున్నది స్టీరింగు ముట్టని మనిషి ప్రాణానికి!

నా లెక్క ఇది. కారు పాతబడిందంటే ఓన్ డ్యామేజ్ భాగాన్ని, అంటే సొంత కారు నష్టానికి చేయించే బీమాను తగ్గించండి, అవసరమైతే వదిలేయండి. చట్టం తప్పనిసరి చేసింది ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ బీమానే. అయిదో ఏడాదికే కారు బీమా విలువ సగానికి పడిపోతుంది, పదేళ్ల కారుకు మిగిలేది ఇంకా తక్కువ. అందరూ అంతగా కాపాడుకునే నో క్లెయిమ్ బోనస్ కూడా ఆ ఓన్ డ్యామేజ్ భాగానికే వర్తించే తగ్గింపు. అక్కడ ఆదా అయిన డబ్బును ఆరోగ్య బీమా వైపు, దాని పరిమితి దాటిన ఖర్చును భరించే టాపప్ పాలసీ వైపు మళ్లించండి. అరవై అయిదు దాటితే కొత్త ఆరోగ్య పాలసీ దొరకదన్న పాత భయం ఇక అక్కర్లేదు, 2024 ఏప్రిల్ నుంచి ఆ వయోపరిమితి లేదు. సీనియర్ సిటిజన్ల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా నియంత్రణ సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశాలు వచ్చాయి.

తగ్గించకూడని చోట మాత్రం చేయి పెట్టకండి. ఇతరుల ఆస్తికి జరిగే నష్టానికి థర్డ్ పార్టీ బీమాలో 7.5 లక్షల రూపాయల పరిమితి ఉంది. దాన్ని 6,000 రూపాయలకు కుదించుకుంటే ప్రీమియం కాస్త తగ్గుతుంది. జీవితాంతం దాచుకున్నది పణంగా పెట్టి చేసే ఆదా అది. డ్రైవింగ్ లైసెన్సు సంగతీ అంతే. 55 దాటాక అయిదేళ్లకే రెన్యువల్ వస్తుంది. గడువు దాటిన లైసెన్సుతో ప్రమాదం జరిగితే, బీమా కంపెనీ బాధితుడికి చెల్లించిన పరిహారాన్ని తిరిగి యజమాని నుంచే రాబట్టుకునేలా ఆదేశాలు రావచ్చు.

ఆ వయసులో అసలు కారు ఎందుకు నడపాలి అనేవారున్నారు. 2019లో బ్రిటన్ రాకుమారుడు ఫిలిప్ 97 ఏళ్ల వయసులో ప్రమాదానికి కారణమై, తర్వాత లైసెన్సు వదులుకున్న ఉదంతాన్ని చూపిస్తారు. చూపు, స్పందన వేగం తగ్గుతాయన్నది నిజమే, వైద్య పరీక్ష కఠినంగా జరగాల్సిందే. అయితే కిలోమీటర్ల లెక్కన వృద్ధులే ఎక్కువ ప్రమాదాలు చేస్తారనే వాదనలో ఒక మెలిక ఉంది. ఏ వయసువారైనా తక్కువ తిరిగేవారి రేటు ఎక్కువగానే తేలుతుంది, ఎందుకంటే వాళ్లు తిరిగేది హైవేల మీద కాదు, కూడళ్లు నిండిన ఊరి రోడ్ల మీద.

నిజానికి మన దేశంలో థర్డ్ పార్టీ ప్రీమియానికి వయసుతో పని లేదు, ప్రైవేటు కార్లకు దాన్ని నిర్ణయించేది ఇంజిన్ సామర్థ్యం. వారానికి రెండుసార్లు బజారుకు వెళ్లే విశ్రాంత ఉపాధ్యాయురాలూ, రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే వ్యాపారీ ఒకే మొత్తం కడతారు. కాలిఫోర్నియా ఓటర్లు 1988లోనే ఏడాదికి తిరిగే మైళ్లను ప్రీమియం నిర్ణయించే ప్రధాన అంశాల్లో చేర్చారు. మన దగ్గర తిరిగినంతకే చెల్లించే పద్ధతికి 2022లో అనుమతి వచ్చినా, అది ఓన్ డ్యామేజ్ భాగానికే పరిమితమైంది. కారు తక్కువ నడిపే పెద్దలు ఆ యాడ్-ఆన్ ఉందా అని తప్పక అడగాలి.

కానీ అడిగేది ఎవరు? పాలసీ కొంటున్నది పెద్దాయన కాదు. ఎక్కడో కూర్చుని కొడుకో కూతురో ఫోనులో నాలుగు సార్లు నొక్కి రెన్యువల్ చేసేస్తారు. అందులో ఏముందో తండ్రి చదవడు, చదవమని ఎవరూ ఇవ్వరు. 'మీకెందుకు నాన్నా, నేను చూసుకుంటాను కదా' అనే మాట వినడానికి బాగానే ఉంటుంది. బ్యాంకు ఖాతా పాస్‌వర్డు, ఇంటి అద్దె, ఆసుపత్రి ఎంపిక, అన్నీ ఆ ఒక్క మాటతోనే ఒక్కొక్కటిగా పెద్దల చేతులు దాటుతున్నాయి. నలభై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషికి తన ప్రాణానికి ఎంత కవర్ ఉందో తెలియకపోవడం ప్రేమ వల్ల జరిగినా అన్యాయమే.

కారు నడిపేది తండ్రయితే ఆర్సీ కూడా తండ్రి పేరు మీదే ఉండాలి. ఫారం 29, ఫారం 30తో ఆ మార్పు జరుగుతుంది, బదిలీ అయిన పద్నాలుగు రోజుల్లోగా బీమా కంపెనీకి తెలియజేయాలి. నో క్లెయిమ్ బోనస్ కొడుకు దగ్గరే ఉండిపోతుంది, తండ్రి సున్నా నుంచి మొదలుపెట్టాలి. మొదటి ఏడాది ప్రీమియం కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి.