నోరు వద్దంది, తల సరేనంది

మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటి ఉంది. దాన్ని ఇక్కడ రాయడానికి నాకు మొహమాటం. నా జబ్బు ఏ స్థాయిలో ఉందో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

ఆఫీసులో ఎవరు ఏ పని పట్టుకొచ్చినా నా నోట వచ్చే మాట ఒక్కటే: "పరవాలేదండీ, చూస్తాను." తప్పించుకోవడానికి "చూస్తాను" అనేవాళ్లు లోకంలో కోకొల్లలు. నేను మాత్రం నిజంగానే చూస్తాను. పక్క విభాగం వాళ్ల లెక్కలను సైతం రాత్రి పది గంటల దాకా కూర్చుని చూస్తాను.

చివరికి ఆఫీసు వాళ్లు నన్ను రెండు రోజుల శిక్షణకు పంపారు. మన మాట మనం నిబ్బరంగా చెప్పడం ఎలాగో అక్కడ నేర్పుతారట. నా మీద జాలిపడి పంపారనుకోకండి. వెళ్లవలసిన వ్యక్తి వేరే ఉన్నారు. ఆయన తనకు కుదరదన్నారు. నేను పరవాలేదండీ అన్నాను.

శిక్షణ మాత్రం బాగుంది. "మీరెప్పుడూ ఇంతే" అని మొదలుపెడితే అవతలివారు కత్తి దూస్తారు, "నాకు ఇబ్బందిగా ఉంది" అని మొదలుపెడితే కాస్తయినా వింటారు. అన్నిటికన్నా నాకు నచ్చింది అరిగిపోయిన రికార్డు పద్ధతి. 1975లో మాన్యుయెల్ స్మిత్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దీనికి బాగా ప్రచారం తెచ్చాడు. ఎదుటివారు ఎంత బతిమాలినా, గొంతు పెంచకుండా, కొత్త సాకులు వెతక్కుండా, అదే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చెప్పాలి. సాకు చెబితే దానికి వాళ్లు విరుగుడు చెబుతారు. వాక్యానికి ఏం విరుగుడు చెబుతారు? రెండో రోజు మధ్యాహ్నం, మాటతో పాటు ఒళ్లు కూడా అదే చెప్పాలని ఏదో వివరించారు. అది నా చెవిన సరిగా పడలేదు. అప్పుడు పక్కాయన నోట్సు కూడా నేనే రాస్తున్నాను.

నా వాక్యం సిద్ధం చేసుకున్నాను: "చేతిలో ఉన్న పని శుక్రవారానికి పూర్తవుతుంది. అప్పటిదాకా కొత్తది తీసుకోలేను." అద్దం ముందు సాధన మొదలుపెట్టాను. మొదటి రోజు అద్దంలోని మనిషి దీనంగా చూస్తే ఒప్పేసుకున్నాను. మూడో రోజుకు గట్టిపడ్డాను.

మంగళవారం వీడియో సమావేశం. తెర మీద పన్నెండు ముఖాలు. మేనేజరు గారు నా పేరు ఎత్తారు.

"ఈ నివేదిక కూడా మీరే చూస్తే బాగుంటుంది."

వాక్యం చెప్పాను. గొంతు వణకలేదు.

"మరీ భారమవుతుందేమో, ఆలోచించుకోండి."

మళ్లీ చెప్పాను. అదే స్వరం, అదే వేగం.

"శుక్రవారం లోపే కావాలి మరి."

మూడోసారి, ఒక్కో మాటా నొక్కి మరీ చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. మిగతా ముఖాలూ నవ్వుతున్నాయి. మాన్యుయెల్ స్మిత్‌కు మనసులోనే దండం పెట్టుకున్నాను.

"చాలా సంతోషమండీ!" అన్నారు మేనేజరు గారు. "మీ మైకు ఆపి ఉంది, మాట వినబడలేదు. అయినా ఆ తల చూస్తే తెలుస్తూనే ఉంది."

తెర మూలన నా బొమ్మ వంక చూశాను. మైకు గుర్తు మీద ఎర్రగీత. దాని పైన గంగిరెద్దు కూడా సిగ్గుపడేలా ఊగుతున్న నా తల. నొక్కి చెప్పిన ప్రతి మాటకూ అది ఒక్కో ఊపు ఊపింది కాబోలు. "తీసుకోలేను" దగ్గర రెండు.

ఆదరాబాదరాగా మైకు తెరిచాను. పన్నెండు ముఖాలూ నా వైపే చూస్తున్నాయి.

"ఏమైనా చెప్పాలా?" అన్నారు మేనేజరు గారు.

నాలుగోసారి రికార్డు తిరగాలి. తిరిగింది కూడా. ముల్లు మాత్రం వెళ్లి పాత గాడిలో పడింది.

"పరవాలేదండీ, చూస్తాను."